పాత జిప్సీ, పొగ గొట్టంలోని డబ్బా: తీయవలెనా, ఉంచవలెనా?

మన కళాశాల ఆవరణలో వేపచెట్టు నీడన నిలిచి ఉండే జిప్సీ వాహనాన్ని ఎరుగని విద్యార్థి ఉండడు. పూర్వ విద్యార్థి ఒకరు కళాశాలకు బహూకరించిన ఆ వాహనం 2008లో తయారైనది. దానికి ఇనుప కప్పు లేదు. కాన్వాసు గుడ్డ కప్పు మాత్రమే ఉన్నది. జాతీయ సేవా పథకం శిబిరాలకు సామాను చేరవేయడం, వృక్షశాస్త్ర విద్యార్థులను అడవి అంచుల వరకు తీసుకొనిపోవడం, వానాకాలంలో బస్సు చేరలేని ఊళ్ళకు మందుల పెట్టెలు మోయడం, ఇవీ ఇన్నాళ్ళుగా దాని పనులు. గత సంవత్సరం నుండి అది నీరసించింది. ఎత్తు వచ్చిందంటే రొప్పుతున్నది. నాలుగవ గేరులో వేస్తే ఎవరో వెనుక నుండి పట్టి లాగినట్లు నిలిచిపోతున్నది. పెట్రోలు ఖర్చు మాత్రం పెరిగింది.

మెకానిక్ బండి క్రింద దూరి చూసి, లేచి చేతులు తుడుచుకొంటూ, "సార్, ఆ డబ్బా మూసుకుపోయింది. తీసేసి నేరుగా పైపు వేయిస్తే గుర్రంలా పరుగెత్తుతుంది. మైలేజీ కూడా పెరుగుతుంది. కూలి కూడా వద్దు, ఆ డబ్బా నాకు ఇచ్చేయండి, చాలు" అన్నాడు. ఈ సలహా కళాశాల యాజమాన్య సంఘం ముందుకు వెళ్ళింది. సంఘంవారు, "ఖర్చు లేని పని కదా, అయినా శాస్త్రం బోధించే వారిని ఒక మాట అడుగుదాము" అని భౌతిక, రసాయన శాస్త్ర శాఖల వారమైన మమ్ములను అభిప్రాయం వ్రాసి ఇమ్మన్నారు. మేము ఇచ్చిన నివేదిక రెండు పుటలది. అందులోని విషయం విద్యార్థులకు పాఠంగా కూడా ఉపకరిస్తుందని తోచి, ఇక్కడ కొంత విస్తరించి వ్రాస్తున్నాము.

ముందుగా ఆ డబ్బా ఏమిటో తెలుసుకొనవలెను. దాని పేరు కెటాలిటిక్ కన్వర్టర్. ఇంజనుకు, సైలెన్సరుకు మధ్య పొగ గొట్టంలో అమర్చిన ఉక్కు పెట్టె అది. దాని లోపల తేనెపట్టు వంటి పింగాణీ దిమ్మ ఒకటి ఉంటుంది. చదరపు అంగుళానికి సాధారణంగా 400 సన్నని గదులు. ప్రతి గది గోడకు అల్యూమినా పూత. ఆ పూతలో కంటికి కనిపించనంత సూక్ష్మంగా ప్లాటినం, పల్లాడియం, రోడియం లోహాల రేణువులు. మొత్తం దిమ్మలో ఈ లోహాలు కొద్ది గ్రాములకు మించవు. ఇంజనులో పెట్రోలు దహనమైనప్పుడు నీటి ఆవిరి, బొగ్గుపులుసు వాయువులతో పాటు మూడు చెడ్డ పదార్థాలు వెలువడుతాయి: సగం కాలిన కార్బన్ మోనాక్సైడ్, అసలు కాలని హైడ్రోకార్బన్లు, విపరీతమైన వేడికి గాలిలోని నైట్రోజన్ ఆక్సిజన్‌తో కలిసి ఏర్పడే నైట్రోజన్ ఆక్సైడ్లు. మొదటి రెండింటికీ ఆక్సిజన్ కావలెను. మూడవదాని నుండి ఆక్సిజన్‌ను తీసివేయవలెను. అంటే ఒకే పెట్టెలో ఆక్సీకరణం, క్షయకరణం రెండూ జరగవలెను. మూడింటినీ ఒకేసారి సరిచేస్తుంది కాబట్టి దీనిని త్రిముఖ ఉత్ప్రేరకం అనవచ్చును.

ఉత్ప్రేరకం చర్యను వేగవంతం చేస్తుంది కాని తాను ఖర్చు కాదని ఇంటర్మీడియట్ పుస్తకంలో చదువుకొన్నదే. తరగతిలో ఈ పాఠం చెప్పునప్పుడు మేము పెళ్ళిళ్ళ పేరయ్యను ఉదాహరణగా చెబుతాము. ఉర్దూ మాధ్యమం విద్యార్థులకైతే ముషాతా అంటే చాలు, నవ్వుతారు. ఇరు పక్షాలను ఒక గదిలో కూర్చోబెట్టి, మాట కలిపి, సంబంధం కుదిర్చి, తాను మాత్రం వచ్చినట్లే తిరిగి వెళ్ళి మరొక ఇంటి తలుపు తట్టే వ్యక్తి. రోడియం ఉపరితలంపై నైట్రిక్ ఆక్సైడ్ విడిపోతుంది. అందులోని ఆక్సిజన్ కార్బన్ మోనాక్సైడ్‌కు దక్కుతుంది. నైట్రోజన్ నైట్రోజన్‌గా, బొగ్గుపులుసు వాయువు బొగ్గుపులుసు వాయువుగా గొట్టం వెంట బయటకు పోతాయి. పూతలో ఉండే సీరియం ఆక్సైడ్ ఇంటి గాదె వంటిది. ఆక్సిజన్ ఎక్కువైన క్షణంలో దాచుకొని, తక్కువైన క్షణంలో ఇస్తుంది.

అయితే ఈ పేరయ్యకు కూడా కొన్ని పట్టింపులున్నవి. పెట్టె సుమారు 250 నుండి 300 సెంటీగ్రేడు డిగ్రీలకు వేడెక్కే వరకు పని ప్రారంభించదు. గాలి, పెట్రోలు పాళ్ళు బరువులో 14.7కు 1గా ఉండవలెను. అటు ఇటు అయితే మూడు పనులలో ఏదో ఒకటి చెడుతుంది. ఆ పాళ్ళను నిలబెట్టడానికే పెట్టెకు ముందు గొట్టంలో ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది. అది పొగలోని ఆక్సిజన్‌ను పసికట్టి ఇంజను కంప్యూటరుకు చెబుతుంది. కంప్యూటరు పెట్రోలును పెంచడమో తగ్గించడమో చేస్తుంది. ఈ సెన్సర్ పెట్టెకు ముందున్నదనే మాట పాఠకులు గుర్తుంచుకొనవలెను. దీనితో తరువాత పని ఉన్నది.

ఈ పరికరం పుట్టుక పొగమంచుతో ముడిపడి ఉన్నది. అమెరికాలోని లాస్ ఏంజెలస్ నగరాన్ని కమ్ముకొనే, కళ్ళు మండించే పొగమంచుకు మోటారు వాహనాల పొగ, సూర్యరశ్మి కారణమని హాగెన్ స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త 1950ల తొలినాళ్ళలో నిరూపించాడు. ఫ్రాన్సు నుండి అమెరికా చేరిన యూజీన్ హూడ్రీ అదే దశాబ్దంలో మోటారు పొగకు ఉత్ప్రేరక పెట్టెను తయారు చేశాడు. కాని ఆనాటి పెట్రోలులో సీసం కలిపేవారు. సీసం తగిలితే ఉత్ప్రేరకం నిర్వీర్యమవుతుంది. అందుచేత అది అప్పుడు వ్యాప్తిలోకి రాలేదు. 1970 నాటి పరిశుద్ధ వాయు చట్టం తరువాత 1975 నమూనా కార్లతో అమెరికాలో ఇది రంగప్రవేశం చేసింది. దానితోపాటే సీసం లేని పెట్రోలు కూడా. మన దేశంలో వాహన కాలుష్యంపై ఎం.సి. మెహతా 1985లో సుప్రీంకోర్టులో వేసిన వ్యాజ్యం దీనికి దారి తీసింది. 1995 ఏప్రిల్ నుండి ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరాలలో అమ్మే కొత్త పెట్రోలు కార్లకు ఈ పెట్టె తప్పనిసరి అయినది. 2000 ఫిబ్రవరి నుండి దేశమంతటా సీసం లేని పెట్రోలే లభిస్తున్నది.

జిప్సీ విషయానికి వస్తే, 1985లో మొదటిసారి వచ్చినది 970 ఘన సెంటీమీటర్ల కార్బురేటరు ఇంజను. దానికి ఈ పెట్టె లేదు. తీయవలెనా అన్న ప్రశ్న కూడా లేదు. 1996లో 1298 ఘన సెంటీమీటర్ల ఇంజనుతో జిప్సీ కింగ్ వచ్చినది. 2000లో కార్బురేటరు పోయి, 80 అశ్వశక్తి గల ఇంజెక్షన్ ఇంజను వచ్చినది. మన వాహనం ఈ చివరి తరగతిలోనిది. హైదరాబాదులో 2005 నుండి భారత్ స్టేజ్ మూడు ప్రమాణాలు అమలులో ఉన్నందున, 2008 నాటి మన బండి ఆ ప్రమాణాల ప్రకారం తయారై రిజిస్టరు అయినది. అనగా ఆ పెట్టె తరువాత ఎవరో తగిలించిన ఆభరణం కాదు. ఇంజనుతోపాటు ఒకే లెక్కలో రూపొందించిన అవయవం.

ఇక మెకానిక్ మాటలను పరిశీలింతము. అతనిని మేము తేలికగా చూడడం లేదు. పెట్టె మూసుకుపోయినదన్న అతని అనుమానం సరియైనదే అని తరువాత తేలింది. మూసుకుపోయిన పెట్టె ఉన్న ఇంజను ముక్కు మూసుకొని పరుగెత్తే మనిషి వంటిది. పాత పొగ బయటకు పోనిదే కొత్త గాలి లోపలికి రాదు. అట్టి పెట్టెను తీసివేస్తే బండి తప్పక చురుకెక్కుతుంది. ఆ మార్పును చూచినవారు "చూశారా, డబ్బా తీస్తే బలం వచ్చింది" అంటారు. కాని వచ్చిన బలం అడ్డు తొలగడం వలన వచ్చినది, పెట్టె లేకపోవడం వలన కాదు. ఆరోగ్యంగా ఉన్న తేనెపట్టు దిమ్మ పొగకు కలిగించే అడ్డు స్వల్పం. 80 అశ్వశక్తి ఇంజనులో దానిని తీసివేసినందున కలిగే లాభం డ్రైవరు గుర్తించగలిగినంత ఉండదు. కొత్త పెట్టె వేసినా అదే చురుకుదనం తిరిగి వస్తుంది.

మైలేజీ సంగతి ఇంకా స్పష్టం. పెట్రోలు ఎంత పోయవలెనో నిర్ణయించేది పెట్టెకు ముందున్న సెన్సర్. పెట్టె వెనుక ఉన్నా లేకపోయినా సెన్సర్ కొలిచేది అదే పొగ, కంప్యూటరు పోసేది అదే పెట్రోలు. ఆరోగ్యంగా ఉన్న పెట్టెను తీసినంత మాత్రాన లీటరుకు కిలోమీటర్లు పెరగడానికి శాస్త్రరీత్యా కారణం కనబడదు.

మామూలు కారుకు లేని, అడవి దారులలో తిరిగే బండికి మాత్రమే ఉన్న చిక్కులు కొన్ని ఉన్నవి. పెట్టె తీయాలనే వారి పక్షాన చెప్పదగిన మాటలలో ఇవే గట్టివి. మొదటిది అగ్ని. పనిచేస్తున్న పెట్టె పైతొడుగు బాగా వేడెక్కుతుంది. వేసవిలో నల్లమల అంచున మోకాలెత్తు ఎండుగడ్డిపై బండి నిలిపితే, ఆ గడ్డి పెట్టెకు తగిలి అంటుకొనే ప్రమాదం నిజమైనది. ఇతర దేశాలలో ఈ విధంగా గడ్డి మంటలు పుట్టిన సందర్భాలు ఉన్నవి. అమరాబాదు అడవులలో వేసవి కార్చిచ్చుల సంగతి శిబిరానికి వెళ్ళిన విద్యార్థులకు తెలుసు. అయితే పెట్టె తీసినంత మాత్రాన ఈ ప్రమాదం పోదు. ఉత్త గొట్టమైనా ఇంజను నుండి వచ్చే పొగకు వందల డిగ్రీలు వేడెక్కుతుంది. పెట్టె క్రింద ఉండవలసిన వేడి నిరోధక రేకు తుప్పుపట్టి ఊడిపోకుండా చూడడం, బండి క్రింద చిక్కిన గడ్డిని ఎప్పటికప్పుడు లాగివేయడం, గడ్డి లేని మట్టి నేలపైననే బండి నిలపడం, ఇవి చేయవలసిన పనులు. ఒక సిలిండరులో పెట్రోలు మండకపోతే ఆ పెట్రోలు పెట్టెలోకి వచ్చి అక్కడ మండి, పెట్టె ఎర్రగా కాలుతుంది. అగ్నికి అసలు మూలం అదే. అట్టి లోపం ఉన్న బండిని అడవికి తీసుకొనిపోవడమే తప్పు.

రెండవది నీరు, రాళ్ళు. ఘాటు ఎక్కి వచ్చిన వెంటనే వాగులో దింపితే కాలిన పెట్టెపై చన్నీళ్ళు పడి లోపలి పింగాణీ బీటలు వారవచ్చును. వాగు గట్టున పది నిమిషాలు ఆగితే సరిపోతుంది; ఎలాగూ నీటి లోతు చూడడానికి ఒకరు దిగవలసినదే. రాయి తగిలి సొట్టపడిన పెట్టెలో కూడా దిమ్మ పగులుతుంది. ఈ రెండింటికీ జాగ్రత్త మార్గం ఉన్నది కాని, వీటిని కారణంగా చూపి పెట్టెను తీసివేయడం, గుంతల దారిలో సీసాలు పగులుతాయని మందులే మానివేసినట్లుంటుంది.

చట్టం ఏమంటున్నదో కూడా సంఘంవారికి తెలియజేయడం మా విధి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా ఉండేటట్లు వాహనాన్ని మార్చరాదని చెబుతున్నది. వాయు కాలుష్య ప్రమాణాలను ఉల్లంఘించే వాహనాన్ని నడిపినా, నడపనిచ్చినా 190వ సెక్షను రెండవ ఉపవిభాగం వర్తిస్తుంది. 2019 సవరణ ప్రకారం మొదటి నేరానికి మూడు నెలల వరకు జైలు గాని, పదివేల రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చును. "నడపనిచ్చినా" అన్న మాటను సంఘంవారు గమనించ ప్రార్థన. ఇక ధూమ పరీక్ష ఉన్నది. భారత్ స్టేజ్ రెండు, మూడు ప్రమాణాల పెట్రోలు కార్లకు ఇంజను ఖాళీగా తిరుగుతున్నప్పుడు కార్బన్ మోనాక్సైడ్ 0.5 శాతానికి, హైడ్రోకార్బన్లు పది లక్షల భాగాలకు 750 భాగాలకు మించరాదు. అంతకు ముందటి బండ్లకు 3 శాతం వరకు సడలింపు ఉన్నది. మన బండికి ఆ సడలింపు లేదు. ఈ పరీక్షలో నైట్రోజన్ ఆక్సైడ్లను కొలవనే కొలవరు. కాబట్టి పెట్టె లేని బండి కూడా ఒక్కొక్కప్పుడు ధ్రువపత్రం సంపాదించగలదు. ధ్రువపత్రం జేబులో ఉన్నంత మాత్రాన పొగ పరిశుభ్రమైనదని చెప్పలేము. 2008లో వచ్చిన రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళకు ముగిసి 2023లో ఐదేళ్ళకు పొడిగింపు పొందినందున, 2028లో మరల తనిఖీకి పోవలసి ఉన్నది.

విదేశాలలో ఇటువంటి బండ్లను ప్రేమించేవారు పెట్టెలు తీస్తున్నారు కదా అని ఒక విద్యార్థి మమ్ములను అడిగాడు. మంచి ప్రశ్న. బ్రిటన్‌లో 1992 ఆగస్టు 1కి ముందు వాడుకలోకి వచ్చిన పెట్రోలు బండ్లకు వార్షిక తనిఖీలో ఉత్ప్రేరక పరీక్ష లేదు. 1986 ఆగస్టు నుండి ఆ తేదీ వరకు వచ్చినవాటికి కార్బన్ మోనాక్సైడ్ 3.5 శాతం వరకు అనుమతి ఉన్నది. అందుచేత ఆ కాలపు రేంజ్ రోవరు యజమానులు కొందరు పెట్టె తీసివేసినా తనిఖీలో నెగ్గుతారు. ఆ తేదీ తరువాతి బండికి ఆ వీలు లేదు. అమెరికాలో 1990 సవరణల తరువాత యజమాని తన సొంత బండి నుండి తీయడం కూడా నిషిద్ధం. కనుక ఒక దేశంలో ఒక సంవత్సరపు బండికి చెల్లిన మాట మరొక దేశంలో మరొక సంవత్సరపు బండికి చెల్లదు.

చట్టం సంగతి అటుంచి, మేము ఈ వ్యాసం వ్రాయడానికి పూనుకొన్న అసలు కారణం చెప్పవలసి ఉన్నది. గత శిబిరం అమరాబాదు దగ్గరి పల్లెలో జరిగింది. తిరుగు ప్రయాణంలో జిప్సీ వెనుక ఎదురెదురు బల్లలపై ఆరుగురు విద్యార్థులు కూర్చున్నారు. ఎండ తీవ్రంగా ఉన్నందున గాలి కోసం వెనుక కాన్వాసు తెరను పైకి చుట్టి కట్టాము. మన్ననూరు ఘాటు దిగి కొంత దూరం వచ్చేసరికి ముగ్గురు తలనొప్పి అన్నారు. ఒకరు వాంతి చేసుకొన్నారు. ఘాటు మలుపులు, ఖాళీ కడుపు, ఎండ అని మేము సరిపెట్టుకొన్నాము. డిండి వద్ద టీ కోసం అరగంట ఆగితే అందరూ తేరుకొన్నారు. మరల బండి ఎక్కిన తరువాత ఒకరికి తలనొప్పి తిరిగి వచ్చింది. ఆ రోజు మాలో ఎవరికీ పొగ సంగతి స్ఫురించలేదు. రసాయన శాస్త్రం బోధించేవారము ఇద్దరము ముందు సీట్లలోనే కూర్చుని ఉన్నాము.

కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌తో కలిసే దానికంటె రెండు వందల రెట్లకు పైగా గట్టిగా దీనితో కలుస్తుంది. అట్లు కలిసిన హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను మోయలేదు. తలనొప్పి, వికారం, తల తిరగడం, బయటి గాలికి వస్తే తగ్గడం, మరల లోపలికి పోతే తిరగబెట్టడం దాని లక్షణాలు. మన దేశపు 2009 నాటి వాయు ప్రమాణాల ప్రకారం బయటి గాలిలో ఇది ఘనపు మీటరుకు గంట సగటున 4 మిల్లీగ్రాములకు మించరాదు. కారులో వెనుక భాగం తెరచి ముందుకు పోతున్నప్పుడు బండి వెనుక గాలి ఒత్తిడి తగ్గి సుడులు ఏర్పడతాయి. పొగ గొట్టం నుండి వెలువడినది ఆ సుడులలో చిక్కి, తెరచిన వెనుక తలుపు గుండా లోపలికి వస్తుంది. చల్లని గాలి అని మనం తెర ఎత్తితే లోపలికి వచ్చేది బండి విడిచిన ఊపిరే. ఇనుప కప్పు గల కారుకంటె గుడ్డ కప్పు గల బండికి ఈ బెడద ఎక్కువ. వేడెక్కి, సవ్యంగా పనిచేస్తున్న పెట్టె ఈ విషవాయువులో నూటికి తొంబై పాళ్ళో, అంతకంటె ఎక్కువో హరిస్తుంది. ఆ పెట్టెను తీసివేయడమంటే వెనుక కూర్చున్న వారికి పదింతల మోతాదు అందించడం.

ఆనాటి తలనొప్పికి ఈ వాయువే కారణమని మేము ఖండితంగా చెప్పజాలము. ఆ రోజు కొలిచినవారు లేరు. కాని బండిని పరీక్షించిన తరువాత మాకు కలిగిన అనుమానం చిన్నది కాదు.

ఆ పరీక్ష విధానం విద్యార్థులకు ఆసక్తికరం. మొదట చల్లారిన పెట్టెను రబ్బరు సుత్తితో తట్టి చూశాము. లోపల గలగల శబ్దం వచ్చింది. పగిలిన దిమ్మ ముక్కలు కదులుతున్నవన్నమాట. తరువాత ఆక్సిజన్ సెన్సర్‌ను విప్పి, ఆ రంధ్రంలో ఒత్తిడి కొలిచే గేజీ బిగించి ఇంజను నడిపించాము. ఆరోగ్యంగా ఉన్న పొగ మార్గంలో ఖాళీ వేగాన ఒత్తిడి చదరపు అంగుళానికి ఒకటిన్నర పౌండ్లకు, నిమిషానికి 2500 చుట్ల వేగాన 3 పౌండ్లకు లోపుగా ఉండవలెనని మెకానిక్కుల లెక్క. మన బండిలో ఖాళీ వేగాననే ముల్లు 2 దాటింది. 2500 చుట్ల వద్ద 6కు చేరి ఇంకా పైకి పోవడానికి చూసింది. పెట్టె మూసుకుపోయినదని మెకానిక్ చెప్పినది అక్షరాలా నిజం. మేము అతనికి ఆ మాట చెప్పి అభినందించాము.

అయితే ఉత్ప్రేరకం తనంతట తాను చావడం అరుదు, ఎవరో చంపుతారు. అందుచేత ఇంజను వైపు వెదికాము. మూడవ సిలిండరు స్పార్కు ప్లగ్గు పింగాణీ చిట్లి ఉన్నది. ఆ సిలిండరులో నిప్పురవ్వ సరిగా పడక, మండని పెట్రోలు ఎన్నాళ్ళుగానో పెట్టెలోకి వచ్చి అక్కడ మండి, ఆ వేడికి దిమ్మ కరిగి గదులు పూడిపోయినవి. ఈ ప్లగ్గును మార్చకుండా ఉత్త పైపు వేసి ఉంటే మండని పెట్రోలు నేరుగా బయటకు, అనగా వెనుక బల్లల మీదికి వచ్చి ఉండేది. మార్చకుండా కొత్త పెట్టె వేసి ఉంటే అది కూడా కొద్ది నెలలలో కరిగిపోయేది. రెండు విధాల ఖర్చు దండుగ. సుమారు ఇంతే ముఖ్యమైనది మరొకటి కనబడింది. సెన్సరుకు ముందున్న గొట్టపు అతుకు వద్ద గాస్కెట్టు కాలి, చుట్టూ నల్లని మసి మరక ఏర్పడి ఉన్నది. ముందు దారి మూసుకొనిపోగా పొగ ఆ సందు గుండా బండి అడుగున వెలువడుతున్నది. అదే సందు గుండా ఒక్కొక్క క్షణం బయటి గాలి లోపలికి పీల్చబడుతుంది. సెన్సర్ ఆ గాలిలోని ఆక్సిజన్‌ను చూచి పెట్రోలు చాలలేదని భ్రమించి, కంప్యూటరు చేత ఎక్కువ పోయిస్తుంది. మైలేజీ పడిపోవడానికి చాలావరకు కారణం ఇక్కడే దొరికింది. దానికి మందు ఒక గాస్కెట్టు.

2010 తరువాతి బండ్లలో ఇటువంటి లోపాలను పసికట్టి డాష్‌బోర్డుపై దీపం వెలిగించే ఏర్పాటు క్రమంగా తప్పనిసరి అయినది. 2008 నాటి మన బండికి ఆ నిర్బంధం లేదు. పెట్టె చచ్చినా, లేకపోయినా దానంతట అది చెప్పదు. మనమే అడిగి తెలుసుకొనవలెను.

పై కారణాలచేత సంఘానికి మేము సమర్పించిన సిఫారసు ఇది: పెట్టెను తీసి ఉత్త గొట్టం వేయరాదు. ప్లగ్గులన్నీ, గాస్కెట్టు ముందు మార్చి, ఇంజను సవ్యంగా మండుతున్నదని నిర్ధారించుకొని, ఆ తరువాత ఈ నమూనాకు తగిన కొత్త పెట్టె వేయించవలెను. దుకాణాలలో పైతొడుగు మాత్రమే ఉండి లోపల దిమ్మ లేని ఖాళీ పెట్టెలు కూడా అమ్ముతారు. తనిఖీదారు కన్ను కప్పడానికి తప్ప అవి దేనికీ పనికిరావు. డబ్బు సమకూరనిచో బండిని నిలిపివేయవలెనే గాని విద్యార్థులను ఎక్కించరాదు. కొత్త పెట్టె వచ్చిన తరువాత కూడా నడుస్తున్న బండి వెనుక తెరను ఎత్తి కట్టరాదు. గాలి కావలెనంటే ప్రక్క తెరలు, ముందు అద్దాలు తెరవవలెను. బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ హెచ్చరిక యంత్రం ఒకటి కొని వెనుక బల్ల దగ్గర తగిలించవలెను. ఇంజను చల్లగా ఉన్న తొలి నిమిషాలలో ఎంత మంచి పెట్టె అయినా పనిచేయదు కాబట్టి, మూసిన షెడ్డులో బండిని ఆన్ చేసి ఉంచరాదు.

సంఘ సమావేశంలో ఒక పెద్దలు, "కూలి లేకుండా తీస్తానన్నవాడికి ఆ డబ్బాతో ఏమి లాభం?" అని అడిగారు. దానిలోని లోహాలే లాభం. 2021 మార్చిలో రోడియం ధర ఔన్సు 29 వేల డాలర్లను తాకింది. తరువాత బాగా తగ్గినా, చచ్చిన పెట్టెకు కూడా పాతసామాను బజారులో గిరాకీ ఉన్నది. మెకానిక్ దురాశాపరుడని మా అభిప్రాయం కాదు. ఆ వ్యాపారం అట్లే నడుస్తున్నది. పాత పెట్టె కళాశాల ఆస్తి. లోహాలను శుద్ధిచేసే వారికి అమ్మి, ఆ మొత్తాన్ని కొత్త పెట్టె ఖర్చులో జమ కట్టవచ్చునని సూచించాము. దానిని కోసి ప్రయోగశాలలో ప్రదర్శనకు ఉంచవలెనని బి.ఎస్‌సి. విద్యార్థులు కొందరు అడిగారు. లోపలి ధూళి ఊపిరితిత్తులకు హాని కాబట్టి మన ప్రయోగశాలలో కోయడానికి మేము అంగీకరించలేదు. ఒక చివర నుండి దీపం పెట్టి, మరొక చివర నుండి చూడనిచ్చాము. ఆరోగ్యంగా ఉన్న దిమ్మలో వందలాది వెలుగు చుక్కలు కనబడవలెను. ఇందులో ఒక అంచున పదో పన్నెండో కనబడినవి.

ఈ సంచిక అచ్చుకు పోవునాటికి ప్లగ్గులు, గాస్కెట్టు మార్చడమైనది. కొత్త పెట్టె ధర చీటీ సంఘం ముందున్నది, మంజూరు కావలసి ఉన్నది. అంతవరకు జిప్సీ వేపచెట్టు క్రిందనే ఉంటుంది. ఈ యేటి శిబిరానికి అద్దె బస్సు మాట్లాడాము. అది ఊరి వరకు పోదు కనుక, చివరి రెండు కిలోమీటర్లు సామాను మోసుకొని నడవడానికి విద్యార్థులు సిద్ధపడి రావలెను.